ఘంటాగణనము, పుష్పగణనము: అవధానసభలో ఇంద్రియములు, మనస్సు

అష్టావధానసభలో అవధానికి ఎదురుగా కూర్చుండు పృచ్ఛకులను అందరును చూతురు. ఆయన వెనుక కూర్చుండు పృచ్ఛకుని ఎవ్వరును అంతగా గమనింపరు. ఆయన చేతిలో కొన్ని పూలుండును. సమస్యాపూరణము జరుగుచుండగా, నిషేధాక్షరిలో ప్రత్యక్షరమునకును అడ్డు తగులుచుండగా, అప్రస్తుతప్రసంగి సభను నవ్వించుచుండగా, ఆయన తనకు తోచిన క్షణమున ఒక పువ్వును అవధాని వీపుపై వేయును. ఒకప్పుడు వెంటవెంటనే రెండు వేయును. ఒకప్పుడు చాలసేపు ఒక్కటియు వేయడు. ఇంకొక పృచ్ఛకుడు ఇదే రీతిగా గంట మ్రోగించుచుండును. సభాంతమున పద్యముల ధారణతో పాటు, పూలెన్ని పడినవో, గంట యెన్నిసార్లు మ్రోగినదో అవధాని చెప్పవలెను.

ఈ రెండంశములలోను కవిత్వము లేదు. అందుచేతనే సాహిత్యవిమర్శకులు వీనిని చిన్నచూపు చూచిరి. కొందరు గారడి అనిరి. అయినను దర్శనశాస్త్రదృష్టితో చూచినచో ఆ సభ మొత్తములో మిక్కిలి లోతైన ప్రశ్న ఈ రెండింటిలోనే యున్నది. పద్యమునకు వాక్కు, చదరంగమునకు చక్షుస్సు, గంటకు శ్రోత్రము, పువ్వుకు త్వక్కు. ఇన్ని ద్వారములనుండి వచ్చునది ఒక్కచోట ఎట్లు కూడుచున్నది? ఒకేసారి కూడుచున్నదా, లేక ఒకదాని వెంట నొకటిగానా?

అవధానశబ్దమునకు చిత్తమును ఒకచోట నిలుపుట అని అర్థము. వేదపాఠశాలలలో స్వరావధానము, అక్షరావధానము అను మాటలు చిరకాలముగ వాడుకలో నున్నవి. సాహిత్యావధానమునకు ఆధునికకాలమున మార్గము చూపినవారిగా మాడభూషి వేంకటాచార్యులను చెప్పుదురు. ఆ మార్గమును రాజాస్థానములకును, పట్టణసభలకును, పల్లెలకును వ్యాపింపజేసినవారు తిరుపతి వేంకట కవులు, అనగా దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950). గుంటూరు మండలమున ఈ విద్యకు స్వంత జంట యొకటి వెలసినది. నాడు నరసరావుపేట తాలూకాలో నుండి, తరువాత ప్రకాశం జిల్లా సంతమాగులూరు మండలమున చేరిన కొప్పరము గ్రామము వారిది. వేంకట సుబ్బరాయకవి (1885–1932), వేంకట రమణకవి (1887–1942) అను ఆ సోదరులు కొప్పరపు కవులుగా ప్రసిద్ధులైరి. ప్రత్తి, మిరప పండు ఆ నల్లరేగడి భూములలో పంట చేతికి వచ్చిన తరువాతి దినములలో అవధానసభ జరిగినచో, అక్షరము రాని రైతులు సైతము బండ్లు కట్టుకొని వచ్చి వినెడివారని పెద్దలు చెప్పుదురు.

ఈ రెండు జంటలకు నడుమ గుంటూరు కేంద్రముగ నడచిన వివాదము సాహిత్యచరిత్రలో ప్రసిద్ధము. ఆశుధారలో వేగము గొప్పదా, పద్యపు నిగ్గు గొప్పదా అని ఇరుపక్షములవారును వాదించిరి. ఎవరు గెలిచిరన్నది ఇచట అప్రస్తుతము. ఆ వాదమంతయు పద్యమును గూర్చియే సాగినది. పద్యము చెప్పుచున్నవాని వీపుపై పడిన పువ్వును గూర్చి ఎవ్వరును వాదింపలేదు.

వీపుపై స్పర్శను గూర్చిన విచారము ఉపనిషత్తులలోనే కలదు. బృహదారణ్యకము ప్రథమాధ్యాయమున, ఐదవ బ్రాహ్మణమున, మనస్సును నిరూపించు సందర్భమున రెండు యుక్తులు కానవచ్చును. మొదటిది లోకములో అందరెరిగినదే: మనస్సు వేరొకచోట నున్నవాడు కన్ను తెరచియుండియు చూడడు, చెవి యుండియు వినడు. రెండవది దానికి విలోమము: ఎవరైనను వెనుకనుండి తాకినను మనుష్యుడు మనస్సుచేత దానిని తెలిసికొనును. శంకరభగవత్పాదులు భాష్యమున ఈ రెండవదానిని మరికొంత విప్పిరి. కంటికి కనబడని వీపును తాకినది చేయియా, మోకాలా అను వివేకము కూడ కలుగుచున్నది. చర్మమునకు స్పర్శ తెలియును గాని, ఈ విభాగము చేయునది మనస్సే యని వారి వివరణము. పుష్పగణనమునకు ఇంతకంటె సన్నిహితమైన శాస్త్రవాక్యము మరియొకటి లేదు. పూల పృచ్ఛకుని అవధాని వెనుకనే కూర్చుండబెట్టుటలోని ఔచిత్యమును ఈ సందర్భమునుబట్టి గ్రహింపవచ్చును.

వీపు సామాన్యమైన స్థలము కాదు. జర్మనీదేశమున ఎర్నెస్ట్ హైన్రిక్ వేబర్ 1834లో స్పర్శను గూర్చి వెలువరించిన గ్రంథమున, వృత్తలేఖిని రెండు మొనలను చర్మముపై ఆనించి, అవి రెండుగా తోచు దూరమును శరీరమంతటను కొలిచెను. వ్రేలికొనపై రెండు మిల్లీమీటర్ల ఎడమున్నను రెండుగానే తెలియును. వీపుపైననో నాలుగైదు సెంటీమీటర్ల ఎడమున్నను ఒక్కటిగానే తోచును. శరీరములో స్పర్శ మిక్కిలి మందముగ నున్న చోటులలో వీపొకటి. దానిపై ఉత్తరీయము. దానిపై బరువే లేని పువ్వు. పరీక్షించువారు ఎంత కఠినులో దీనివలన తెలియును.

ఇక మూలప్రశ్నకు రావలెను. మనస్సు అణుపరిమాణము కలదని న్యాయవైశేషికుల సిద్ధాంతము. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము చదివిన బాలునికి కూడ ఇది తెలియును. గౌతముడు చూపిన హేతువు సరళము: అయిదింద్రియములును తమ తమ విషయములతో ఏకకాలమున సంబంధించియున్నను, జ్ఞానములు మాత్రము ఒకేసారి పుట్టుట లేదు. కనుక ఇంద్రియమునకు, ఆత్మకు నడుమ ఒకటి యుండి, ఒకసారి ఒక ఇంద్రియముతోనే కూడుచుండవలెను. ఒకసారి ఒకచోటనే యుండునది గనుక అది అణువు.

భాట్టమీమాంసకులు ఒప్పుకొనలేదు. వారికి మనస్సు విభువు. వారివైపు చూపబడు ఉదాహరణము రుచికరమైనది. పొడవైన శష్కులిని, అనగా మన చక్కిలము వంటి కరకరలాడు వంటకమును, తినువానిని చూడుడు. దాని రూపము కంటికి, వాసన ముక్కుకు, రుచి నాలుకకు, గట్టిదనము చర్మమునకు, కరకరధ్వని చెవికి ఒక్కసారిగా తెలియుట లేదా? నైయాయికులు దీనికి తామరరేకులను చూపిరి. నూరు రేకులను దొంతరగా పేర్చి సూదితో గ్రుచ్చినచో అన్నియు ఒకేసారి చీలినట్లు తోచును. నిజమునకు ఒకదాని తరువాత నొకటి చీలినవి. త్రిప్పిన కొరవి చక్రముగా తోచుట కూడ ఇట్టిదే. యౌగపద్యము భ్రమ, క్రమము సత్యము, క్రమము మిక్కిలి శీఘ్రమైనందున పట్టుబడదు.

ఈ వాదము వట్టి పాండిత్యవినోదము కాదు. దీని వెనుక ఆత్మవిచారమున్నది. న్యాయసూత్రముల తృతీయాధ్యాయారంభమున, కంటితో చూచిన వస్తువునే చర్మముతో తాకుచున్నామను ప్రతిసంధానము ఆత్మసాధకముగా చూపబడినది. కన్ను తాకలేదు, చర్మము చూడలేదు. చూచినవాడును, తాకినవాడును ఒక్కడే యని తెలియుచున్నది గనుక, ఇంద్రియములకంటె వేరైన జ్ఞాత యొకడు కలడు. బౌద్ధులు అట్టి స్థిరమైన జ్ఞాతను అంగీకరింపక, జ్ఞానసంతానముతోనే సరిపెట్టిరి. ఆ బౌద్ధచింతనకు ఈ ప్రాంతమే ఒక మహాక్షేత్రము. కృష్ణాతీరమున ధాన్యకటకము, పల్నాటిలో ఇక్ష్వాకుల విజయపురి, నాగార్జునుని పేరు వహించిన కొండ, ఇవన్నియు గుంటూరు సీమలోనివే. నాగార్జునుడు తన మధ్యమకకారికలలో ఒక ప్రకరణమును ఇంద్రియపరీక్షకే కేటాయించి, తన్ను తాను చూడలేని కన్ను ఇతరమును ఎట్లు చూచునని నిలదీసెను. కన్ను, చర్మము, చెవి కూడు చోట ఎవడైనను ఉన్నాడా లేడా అను ప్రశ్నపై రెండు దర్శనములు ఎదురెదురుగా నిలిచినవి. అవధానసభలో పూలు లెక్కించువాడెవడను ప్రశ్నయు అదియే.

నవ్యనైయాయికులు మరియొక సూక్ష్మమును గమనించిరి. దూరమున నున్న గంధపుచెక్కను చూచి, ‘ఇది పరిమళించుచున్నది’ అని కంటితోనే గ్రహించినట్లు అనుకొందుము. వాసన ముక్కును చేరలేదు. పూర్వానుభవము మిగిల్చిన జ్ఞానము నేటి చూపులో కలిసిపోయినది. దీనిని జ్ఞానలక్షణప్రత్యాసత్తి యందురు. గంధము దొరకుట అరుదైన ఈ సీమలో దీనికి వేరు ఉదాహరణము చాలును. గుంటూరు మిర్చి యార్డులో ఎర్రని రాశిని దూరమునుండి చూచినంతనే, ఘాటు ఇంకను తగులకముందే, కొత్తవాని గొంతు గరగరలాడును. అనుభవజ్ఞుడైన వ్యాపారియో టిక్కీలో చేయి పెట్టి, కాయను నలిపి, లోని గింజ గలగలమనుట విని, రంగు చూచి, తాలుకాయ యెంత కలిసినదో నిమిషములో చెప్పును. ఆయన చెప్పు మాట ఒక్కటే. దాని వెనుక సాక్షులు నలుగురు. ప్రత్తిపింజను వ్రేళ్ల నడుమ సాగదీసి పోగు పొడవు చెప్పువాని పనియు ఇట్టిదే.

మిరపను గూర్చి ఒక మాట. కటురసమును తర్కశాస్త్రము ఆరు రసములలో చేర్చి రసనేంద్రియమునకు అప్పగించినది. మిరప పోర్చుగీసువారి కాలమున అమెరికా ఖండమునుండి వచ్చిన పంట. సూత్రకారులకు తెలిసిన కటువు మిరియము, శొంఠి మొదలైనవానిది. మిరపకారమును గ్రహించునది రుచి గ్రాహకము కాదనియు, వేడిని గుర్తించు గ్రాహకమే యనియు 1997లో డేవిడ్ జూలియస్ బృందము నిరూపించినది. ఉష్ణస్పర్శను, స్పర్శను గ్రహించు గ్రాహకములను గూర్చిన పరిశోధనలకు 2021లో నోబెల్ బహుమతి లభించినది. అనగా కారము రుచికంటె స్పర్శకే దగ్గర. నోరు ‘మండినది’ అను తెలుగు వాడుక శాస్త్రవిభాగముకంటె సరిగా నున్నది.

క్రమమా, యౌగపద్యమా అను వివాదము పాశ్చాత్యదేశములలో తత్త్వశాస్త్రమునుండి గాక ఖగోళశాస్త్రమునుండి తలయెత్తినది. ఖగోళశాస్త్రజ్ఞులకు గుంటూరు తెలియని ఊరు కాదు. 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రాన్సునుండి జాన్సెన్, ఆంగ్లేయుల పక్షమున టెనెంట్ ఈ పట్టణమునకే వచ్చిరి. ఐదు నిమిషములకు పైబడి సూర్యబింబము మరుగుపడియుండగా జాన్సెన్ వర్ణపటదర్శినితో సూర్యజ్వాలలను పరీక్షించి, మరునాడు గ్రహణము లేకయే వానిని చూడగలిగెను. ఆ తరమువారి శాస్త్రమున ఒక పాత చిక్కు అప్పటికే బాగుగా తెలిసియున్నది. నక్షత్రము దూరదర్శినిలోని గీతను దాటు క్షణమును కంటితో చూచుచు, గడియారపు టకటకను చెవితో వినుచు, రెండింటిని జతపరచి కాలము వ్రాయుట నాటి పద్ధతి. గ్రీన్విచ్ వేధశాలలో మాస్కెలిన్ తన సహాయకుడు కిన్నెబ్రూక్ వ్రాసిన కాలము తన కాలముకంటె సెకనులో ఎనిమిది పదవవంతులు ఆలస్యమగుచున్నదని 1796లో అతనిని తొలగించెను. అది అతని అశ్రద్ధ కాదనియు, కన్నును చెవిని జతపరచుటలో ప్రతి మనుష్యునికి తనదైన తేడా యుండుననియు తరువాత బెస్సెల్ వంటి వారు తేల్చిరి. పాపము, అతనికి ఉద్యోగము మరల రాలేదు.

ఆ చిక్కునే విల్‌హెల్మ్ వుంట్ 1860ల ఆరంభమున ప్రయోగముగా మార్చెను. ఊగుచున్న లోలకము ఒక నిర్ణీతస్థానమును చేరినప్పుడు గంట మ్రోగును. గంట మ్రోగినప్పుడు లోలకము ఎచట నున్నదో చూచువాడు చెప్పవలెను. సరిగా చెప్పుట దుర్లభమైనది. చూపును, వినికిడిని ఒకే క్షణమున పట్టుట మనస్సుకు సాధ్యము కాదనియు, ఒకదానినుండి మరియొకదానికి పోవుటకు సుమారు సెకనులో ఎనిమిదవవంతు పట్టుననియు ఆయన నిర్ణయించెను. తామరరేకుల సూదికి గడియారము తగిలించినట్లయినది. అయితే గౌతముడు వుంట్‌కు ముందే ప్రయోగమును కనిపెట్టెనని చెప్పుట సరికాదు. గౌతముడు చేసినది అనుమానము, వుంట్ చేసినది కొలత. రెండును ఒకే ద్వారమును తట్టినవి, అంతవరకే.

గంట మ్రోగినప్పుడు అవధాని పద్యపాదములో మునిగియున్నచో, మనస్సు అణువైన పక్షమున ఆ శబ్దము ఎట్లు లెక్కకు వచ్చును? గోడగడియారము మ్రోగునప్పుడు ప్రతివారికిని ఇది అనుభవమే. పనిలో నుండగా మూడవ గంటకు గాని చెవి పట్టుబడదు. అయినను వెనుకకు పోయి, ముందు రెండు కొట్టినదని లెక్కించుకొనగలము. వినబడిన ధ్వని కొన్ని సెకనులపాటు ఒక ఛాయగా నిలిచియుండునని నేటి మనస్తత్త్వశాస్త్రజ్ఞులు చెప్పుదురు. శబ్దము మూడు క్షణములలో నశించుననియు, మిగులునది సంస్కారమనియు తర్కశాస్త్రము చెప్పుచున్నది. అవధాని చేయు సాధన ఈ మిగిలిన దానిపైననే. ఛాయ చెరగకముందే తిరిగివచ్చి, సంఖ్యను ఒకటి పెంచి, మరల పాదములోనికి పోవును. ఏకకాలమున ఎనిమిది పనులు చేయుట కాదది. ఏ పనియు చెడకుండ ఎనిమిదింటి నడుమ తిరుగుట.

ఇంతవరకు నైయాయికునిదే పైచేయిగా తోచును. కాని చక్కిలము తినువాని సాక్ష్యమును అంత సులభముగా కొట్టివేయరాదు. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అను ఇరువురు ఒక విచిత్రమును ప్రకటించిరి. ‘బ’ అను ధ్వనిని వినిపించుచు, ‘గ’ అని పలుకు ముఖమును చూపినచో, చూచువారిలో చాలమందికి ‘బ’యు కాక, ‘గ’యు కాక, ‘ద’ వంటిది వినబడినది. వర్ణోత్పత్తిస్థానములు తెలిసినవారికి ఇది మిక్కిలి ఆసక్తికరము. ‘బ’ ఓష్ఠ్యము, ‘గ’ కంఠ్యము. వినబడిన ‘ద’ ఆ రెండింటికి నడుమ పుట్టు దంత్యము. చెవి, కన్ను రాజీపడినవి! కన్ను మూసినచో వెంటనే ‘బ’ వినబడును. ఇది భ్రమ యని ముందే తెలిసినను భ్రమ తొలగదు. ఈ కలయిక మనస్సు ఒకదానినుండి మరియొకదానికి పోవుటవలన కలిగినది కాదు. అవధానము చేరకముందే జరిగినది.

1980లలో స్టెయిన్, మెరెడిత్ పిల్లుల మధ్యమస్తిష్కములోని సుపీరియర్ కాలిక్యులస్ అను భాగమును పరిశీలించిరి. అచట చూపు, ధ్వని, స్పర్శ మూడింటికిని స్పందించు నాడీకణములు కనబడినవి. ఒకే స్థలమునుండి, ఒకే సమయమున మందమైన వెలుగు, మందమైన ధ్వని వచ్చినచో, ఆ కణముల స్పందన విడివిడి స్పందనల మొత్తముకంటెను మించినది. స్థలకాలములు వేరైనచో ఆ బలము లేదు. కాబట్టి రెండు అంతస్తులు కలవనుట యుక్తము. క్రిందిదానిలో ఇంద్రియములు యుగపత్తుగా కలియుచున్నవి. అచట మీమాంసకుని చక్కిలము నిలుచును. పైదానిలో, ‘ఇది నాకు తెలిసినది’ అను చోట, క్రమము నిలుచును. పూర్వులు ఒక్క మనస్సుపై రెండు భారములను మోపినందున వివాదము తెగలేదేమో.

కంటికి, చర్మమునకు గల పొత్తు పుట్టుకతో వచ్చునా అన్నది మరియొక చిక్కు. ఐర్లండు దేశీయుడు మోలినో 1688లో లాక్ అను తాత్త్వికునికి ఒక ప్రశ్న వ్రాసి పంపెను: గోళమును, ఘనమును తాకి గుర్తింపగల పుట్టంధునికి చూపు వచ్చినచో, తాకకయే వానిని గుర్తింపగలడా? మూడువందల ఏండ్ల తరువాత సమాధానము మన దేశమునుండియే వచ్చినది. పవన్ సిన్హా ఆరంభించిన ప్రకాశ్ ప్రణాళికలో, పుట్టుకనుండి చూపులేని బాలబాలికలకు శస్త్రచికిత్సచేత చూపు కలిగించిరి. వారిలో ఐదుగురిని పరీక్షించిన ఫలితములు 2011లో వెలువడినవి. చూపు వచ్చిన వెంటనే, తాకిన వస్తువును చూచి గుర్తింపలేకపోయిరి. కొద్ది దినములలోనే గుర్తింపగలిగిరి. చూచినదానినే తాకుచున్నానను ప్రతిసంధానము అనుభవముచేత, సంస్కారముచేత ఏర్పడునదని తేలినది. ఇందువలన గౌతముని ఆత్మసాధకము కూలదు; ఆయన అడిగినది ఆ పొత్తు ఎట్లేర్పడినదని కాదు, ఏర్పడిన పొత్తును ఎరుగువాడెవడని. మెదడును ఎంత శోధించినను రెండవ ప్రశ్న అట్లే యుండును. మనస్సును జడమనియే నైయాయికులును, వేదాంతులును చెప్పిరి గనుక, మనస్సు పనిని మెదడున చూపినంతమాత్రమున ఆస్తికుడు కలవరపడ నవసరము లేదు.

వేదాధ్యయనమున ఈ సంధానము బుద్ధిపూర్వకముగా చేయబడినది. పాణినీయశిక్ష ఉదాత్తమును చూపుడువ్రేలి మొదటను, స్వరితమును ఉంగరపువ్రేలి నడుమను, అనుదాత్తమును చిటికెనవ్రేలను గుర్తింపుమనును. చెవితో విన్న స్వరము చేతికి ఎక్కును. గురువు చేయి కంటికి కనబడును. తైత్తిరీయులు చిన్నపిల్లల తలను చేతితో పట్టి స్వరానుసారముగా వంచి, ఎత్తి నేర్పుట అందరెరిగినదే. జేమ్స్ హార్ట్‌జెల్ మున్నగువారు 21 మంది వేదపండితుల మెదడులను సామాన్యుల మెదడులతో పోల్చి 2016లో వ్యాసము ప్రకటించిరి. భాషకు, స్మృతికి సంబంధించిన భాగములలోనే గాక దృష్టికి సంబంధించిన భాగములలోను భేదము కనబడినది. చెవితో నేర్చిన విద్య చూపు స్థానమున గుర్తు మిగుల్చుట చింతనీయము. సంస్కృతము చదివినంతనే మెదడు పెరుగునని దీనిపై సాగుచున్న ప్రచారము మాత్రము ఆ వ్యాసములో లేదు. అభ్యాసము ముందా, భేదము ముందా అన్నది అట్టి ఒక్క పోలికచేత తేలదు.

నేటి అవధానసభలు సాహిత్యాంశములతో నిండినవి. ఘంటాగణనము అక్కడక్కడ మిగిలియున్నది. పుష్పగణనము, చదరంగము చాలచోట్ల తొలగినవి. వానికి బదులు మరియొక వర్ణన, మరియొక దత్తపది చేరుచున్నది. కవిత్వము పెరిగినదని సంతోషింపవచ్చును గాని, చక్షుస్సు, త్వక్కు సభనుండి వెడలిపోయినచో మిగిలినది వాగవధానము మాత్రమే. దానికి ఖర్చా? గుప్పెడు పూలు, వెనుక కూర్చుండుటకు ఒక మనుష్యుడు, ఆయన చేతిలో ఒక కాగితము. వేసిన ప్రతి పువ్వుకు ఆయన దానిపై ఒక గీత గీయును. ధారణ ముగిసి, పద్యములన్నియు ఒప్పగించిన పిమ్మట, అవధాని వెనుకకు తిరుగకయే సంఖ్య చెప్పును. అప్పుడు ఆ కాగితము విప్పుదురు.